అవ్వ చెప్పిన మందును నెట్‌లో పెట్టే ముందు మా కాలనీని అడగాలి

గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతి జిల్లా సూళ్లూరుపేట దగ్గర ఒక ఎస్టీ కాలనీ నుంచి రాస్తున్నాను. మేం యానాదులం. రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోటను ఖాళీ చేయించినప్పుడు మా తాతలు అడవిని, భూమిని వదిలి వచ్చారు. వెంట తెచ్చుకోగలిగింది ఆకులు, వేళ్ల గురించిన తెలివి ఒక్కటే.

మా కాలనీలో మందిచ్చే అవ్వ దాన్ని అందరికీ చెప్పదు. మోతాదు తప్పకుండా ఇస్తాడని నమ్మకం కుదిరినవాడికే చెబుతుంది. వేరంతా పీకకూడదు, మొక్క మళ్ళీ చిగురించాలి. ఎవరైనా తప్పితే పెద్దలు కూర్చోబెట్టి అడుగుతారు. ఇదంతా ఏ కాగితం మీదా లేదు, కానీ మాకు ఇదే చట్టం.

ఇప్పుడు ఎవరెవరో ఫోన్లతో వచ్చి, "అవ్వా, ఆ ఆకు చూపించు" అని వీడియో తీసుకుపోతున్నారు. ఎదురుగా కూర్చున్న ఒక్కడికే చెబుతున్నానని ఆమె అనుకుంటుంది. రేపు ఆ వీడియో చూసినవాళ్ళు బస్తాలతో వచ్చి తుప్పలన్నీ పీక్కుపోతే మా పెద్దలు ఎవరిని కూర్చోబెట్టాలి? మోతాదు తెలియక ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఆ నింద అవ్వ మీదే కదా పడేది. నాకు అసలు టెన్షన్ అదే.

మన పాత మందుల మీద బయటివాళ్ళు పేటెంట్లు తీసుకోకుండా 2001లో కేంద్రం మొదలుపెట్టిన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీలోకి ఎక్కింది ఆయుర్వేదం, సిద్ధ, యునానీ వంటి వైద్యాల గ్రంథాల్లో ఉన్న జ్ఞానం. మాది నోటి మాట. 2023 నాటి డేటా రక్షణ చట్టం ఒక్కో మనిషి వివరాలను కాపాడుతుంది గానీ కాలనీ మొత్తానికి చెందిన జ్ఞానాన్ని కాదు. జీవ వనరులనూ వాటి గురించిన జ్ఞానాన్నీ వాడుకుంటే వచ్చే లాభం పంచుకోవాలనే అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, మన దేశమూ ఒప్పుకుంది. ఆ నగోయా ఒప్పందం 12వ అధికరణం మాత్రం ఇలాంటి జ్ఞానం విషయంలో ఆయా సమూహాల ఆచార చట్టాలను లెక్కలోకి తీసుకోవాలంటోంది. ఆ మాట మా కాలనీ దాకా రాలేదు.

ఫోన్ వద్దనడం లేదు. మా పిల్లలే అవ్వ మాటలు రికార్డు చేసి దాచుకుంటే మంచిదే. మేం అడిగేది ఒక ఉత్తర్వు. ఊరి మొక్కలు, జీవాలు, వాటి గురించిన జ్ఞానం నమోదు చేసే పంచాయతీల జీవవైవిధ్య రిజిస్టర్లలో మా మందుల వివరాలు రాసేముందు కాలనీ అంతా కూర్చుని ఒప్పుకోవాలి. ఏది బయట పెట్టాలో, ఏది తాళం వేసి ఉంచాలో మేమే చెప్పాలి. అడక్కుండా పెట్టిన వీడియోలు తీయించడానికి జిల్లాలో ఒక అధికారి ఉండాలి. ఆ ఉత్తర్వు రాసేటప్పుడు మా పెద్దలను పిలవండి, వస్తారు.

ఇట్లు,
సూళ్లూరుపేట ప్రాంతపు యానాది యువకుడు