త్రీ లైన్ గురించి అడిగావు కదా

కాకినాడ
కార్తీక సోమవారం, మధ్యాహ్నం

చిన్నీ,

నువ్వు ఫోన్ చేసి ఇరవై రెండు రోజులైంది. లెక్కపెట్టింది నేను కాదు, మీ నాన్న. మొన్నటి నీ మెసేజ్ ఒక్క ముక్క: "అమ్మా, త్రీ లైన్ ఇంకొంచెం వెనక్కి జరిపేస్తే ఈ గొడవ వదిలిపోతుంది కదా?" బాస్కెట్‌బాల్‌లో ఆ గీత అవతలి నుంచి కొట్టిన బుట్టకి మూడు పాయింట్లు కాబట్టి అందరూ అక్కడి నుంచే వేస్తున్నారన్న గొడవేగా నువ్వనేది. దానికి ఫోన్లో బొటనవేలితో జవాబు కొట్టడం నా వల్ల కాదు. కాగితం మీద రాసి, బుజ్జి చేత ఫోటో తీయించి పంపిస్తున్నాను. తీరిగ్గా చదువు. కూర్చుని చదువు. కాలు చాపుకుని, కింద ఒక దిండు పెట్టుకుని చదివినా తప్పులేదు.

జరిపితే వదలదు. కొలతలే చెబుతాయి ఆ సంగతి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో కోర్టు వెడల్పు 50 అడుగులు. రింగు నడిమధ్య నుంచి పక్కగీతకి 25. ఎదురుగా త్రీ లైన్ 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో మాత్రం 22 అడుగులే. అంటే మూలలో నిలబడడానికి మిగిలింది 3 అడుగుల పట్టీ. ఆ మనుషుల బూట్లు ఒక్కొక్కటి అడుగు పైమాటే. నువ్వు అన్ని చోట్లా 2 అడుగులు వెనక్కి జరిపావనుకో, మూలలో ఒక్క అడుగు మిగులుతుంది. కాలు ఎక్కడ పెడతాడు, పక్కన కూర్చున్నవాళ్ళ ఒళ్ళోనా? పోనీ కోర్టునే వెడల్పు చేద్దామంటే, ఆ గీతని ఒరుసుకుని వేసిన కుర్చీలే హాలు మొత్తానికి ఖరీదైన సీట్లు. వాటిని ఏ యజమాని వదులుకుంటాడు?

ఇక మూలలో త్రీయే వద్దు, ఆ వంపుని వంపుగానే కిందికి లాగేద్దాం అనేవాళ్ళున్నారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ 23 అడుగుల 9 అంగుళాల వంపు పక్కగీతని ఎక్కడా తాకదు, రింగు సరసన 15 అంగుళాలు మిగులుతుంది. బూటు పట్టి, రెండు వేళ్ళ సందు. అక్కడికీ ఎవడో ఒకడు నిలబడి కొట్టడం నేర్చుకుంటాడు. పూర్తిగా మూసెయ్యాలంటే లైను 25 అడుగులకి పోవాలి. అప్పుడేమవుతుందో తర్వాత చెబుతాను, పొయ్యి మీద పాలు ఉన్నాయి.

పద్మ పిన్ని ఫోన్ చేసింది నిన్న. మామూలుగానే. మాటల్లో మాటగా, వాళ్ళ కిరణ్ నిన్ను ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్‌లో చూశాడని, ట్రాలీ మీద బరువంతా వేసి నడుస్తున్నావని అంది. నేను పట్టించుకోలేదు. కిరణ్ మాటల సంగతి నీలం ట్రంకుపెట్టె వ్యవహారంలోనే చూశాం కదా.

సరే, అసలు లెక్క. వంద త్రీలు వేస్తే 36 పడతాయి, 108 పాయింట్లు. రింగుకి పదిహేను అడుగుల దూరం నుంచి వంద వేసి 42 పడ్డా వచ్చేది 84. అంతే, ఇందులో బ్రహ్మవిద్య లేదు. రింగు కింద నుంచి కొట్టు, లేదా లైను బయట నుంచి కొట్టు. మధ్యలో ఉన్నదంతా బీడు పడిపోయింది. ఈ గీత ఎన్‌బీఏలోకి వచ్చిన 1979-80లో ఒక జట్టు మ్యాచ్‌కి సగటున వేసిన త్రీలు 2.8. వందకి 28 పడేవి. 2024-25కి అవే 37.6. నువ్వు గమనించాల్సింది ఇంకోటుంది. 2008-09లో జట్టుకి 18 వేసినప్పుడు వందకి ముప్పయ్యారుకి పైనే పడేవి, రెట్టింపు వేసిన 2024-25లోనూ అదే ముప్పయ్యారు. అన్ని ఎక్కువ వేసినా చెయ్యి తడబడలేదు. అందుకే ఏ కోచ్‌కీ ఆపాలన్న ఆలోచన రాదు.

జనానికి విసుగెక్కడంటే, ఆట చీట్లపేకలా అయిపోయిందని. ఒక్క బోస్టన్ జట్టునే చూడు. 2024 అక్టోబర్లో న్యూయార్క్ మీద సీజన్ మొదటి రాత్రే 61 త్రీలు వేసి 29 కొట్టారు, ఉన్న రికార్డుతో సమానం. ముప్పయ్యోది కొట్టి రికార్డు తెంపుదామని చివర్లో వరసగా 13 వేశారు, పదమూడూ పోయాయి. అదే బోస్టన్, అదే న్యూయార్క్, 2025 మేలో ప్లేఆఫ్స్. 20 పాయింట్ల ఆధిక్యం చేతిలో పెట్టుకుని, 60 వేసి 45 పోగొట్టుకుని, ఓవర్‌టైమ్‌లో 108-105తో ఓడారు. నన్నడిగితే ఆ రాత్రి తప్పు త్రీది కాదు. ముందున్నప్పుడు కూడా టైము కరిగించకుండా మొదటి పాసుకే వేసేశారు. తాతయ్య అనేవారే, చేతిలో ముక్కలుండి ఆడడం వేరు, ఊరికే పారెయ్యడం వేరని.

ఇప్పుడు 25 అడుగుల సంగతి. మూల త్రీ పోయిందనుకో, మూలలో నిలబడ్డవాడి మీద ఎవరూ కాపలా ఉండరు. ఆ డిఫెండర్ వెళ్ళి పెయింట్‌లో, అంటే రింగు ముందు రంగు వేసిన చోట, కూర్చుంటాడు. నువ్వు రింగు మీదికి డ్రైవ్ చేస్తే మనిషి అడ్డం. పోస్టులో, రింగు పక్కనే, పొడుగు పిల్లకి బంతి అందిస్తే ఇద్దరు మీద పడతారు. పాత ఆట తిరిగి రావాలని మూల త్రీ తీసెయ్యమనే పెద్దలకి ఇది తట్టదు. పోస్టు ఆటకి ఇప్పుడు ఊపిరి ఆడుతోందంటే మూలలో నిలబడ్డ ఆ ఇద్దరు షూటర్ల వల్లే. గీత వెనక్కి జరిపినంతలో వేసేవాళ్ళూ తగ్గరు. 1994 నుంచి మూడేళ్ళు గీతని అన్ని చోట్లా 22 అడుగులకి ముందుకు తెచ్చారు. మొదటి ఏడాదే జట్టు మ్యాచ్‌కి వేసేది 9.9 కాస్తా 15.3 అయింది. 1997-98లో మళ్ళీ వెనక్కి తీసుకెళ్తే 16.8 నుంచి 12.7కి దిగింది. అప్పుడు దిగింది నిజమే. కానీ ఆ ఆటగాళ్ళు గీత లేని రోజుల్లో, లేదా గీతని ఎవరూ లెక్కచెయ్యని రోజుల్లో ఆట నేర్చుకున్నవాళ్ళు. ఇప్పటి పిల్లలు పదేళ్ళకే గోల్డెన్ స్టేట్ కర్రీని చూసి 27 అడుగుల నుంచి విసురుతున్నారు. 2019లో పోర్ట్‌లండ్ ఆటగాడు లిల్లార్డ్ 37 అడుగుల నుంచి కొట్టి ఓక్లహామా సిటీని ఇంటికి పంపాడు. నువ్వు గీసే కొత్త గీత వాళ్ళ వెనక పడదు.

విను, ఈ త్రీల వల్ల అసలు బరువు పడింది షూటర్ మీద కాదు, కాపలా కాసేవాళ్ళ కాళ్ళ మీద. లెక్క చూడు. పెయింట్ వెడల్పు 16 అడుగులు, సగం 8. పక్కవాళ్ళకి హెల్ప్‌గా ఒక కాలు పెయింట్‌లో పెట్టి నిలబడ్డ పిల్ల, మూలకి పాస్ వెళ్ళగానే 14 అడుగులు పరుగెత్తి, చెయ్యెత్తి, ఆగాలి, క్లోజవుట్ అంటే అదే. బంతి గాల్లో ఉన్నంత సేపే టైము. నేను ఎన్నిసార్లు చెప్పానో: మూడింట రెండు వంతులు పూర్తి పరుగు, చివరి మూడో వంతు చిన్న చిన్న అడుగులు, నడుము కిందికి, బరువు వెనక్కి, చేతి దూరంలో ఆగాలి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, చిన్న అడుగులకి బద్ధకించి ఒంటికాలి మీద, మోకాలు బిర్రుగా పెట్టి, ఒక్కసారిగా బ్రేకు వేస్తారు. పాదం నేలకి అతుక్కుంటుంది, ఒళ్ళు తిరుగుతుంది, మోకాలు లోపలికి పడుతుంది. ఆడపిల్లల్లో ఆ లిగమెంట్ దెబ్బలు మగపిల్లలకంటే ఎక్కువని నీకు తెలుసు. ఊరికే చెబుతున్నాను. వీడియో కాల్లో ఎప్పుడూ మెడ పైనే కనిపిస్తున్నావని కూడా ఊరికే అంటున్నాను.

రూలు మారిస్తే ఆట బాగుపడుతుందనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ గీతది కాదు, పాదానిది. 2017 మే 14, ఓక్లండ్, ఎన్‌బీఏ వెస్ట్ ఫైనల్ మొదటి మ్యాచ్. మీ టెక్సాస్ వాళ్ళే, శాన్ ఆంటోనియో, మూడో క్వార్టర్లో గోల్డెన్ స్టేట్ మీద 78-55తో ముందున్నారు. అవతల కర్రీ, డురాంట్, థాంప్సన్. వాళ్ళ ఊళ్ళో వాళ్ళని అంత చితక్కొట్టడం ఆ రాత్రి ఎవరూ అనుకోలేదు. కవాయ్ లెనర్డ్ ఒక్కడే 26 కొట్టాడు. కొద్ది నిమిషాల ముందు తమ బెంచీ దగ్గర సొంత జట్టువాడి పాదం మీద కాలు పడి చీలమండ మెలిక తిరిగింది. అయినా ఆడుతూనే ఉన్నాడు. ఈ వాక్యం ఇంకోసారి చదువు. తర్వాత మూలలో జంప్ షాట్ వేసి కిందికి దిగుతున్నాడు. మీదికొచ్చిన గోల్డెన్ స్టేట్ ఆటగాడు పచూలియా ఆగకుండా ఇంకో అడుగు వేశాడు, ఆ పాదం సరిగ్గా లెనర్డ్ దిగే చోటికి జారింది. అదే చీలమండ. ఫౌల్ ఊదారు, రెండు ఫ్రీత్రోలు వేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ వెంటనే గోల్డెన్ స్టేట్ వరసగా 18 పాయింట్లు కొట్టింది, ఇవతల సున్నా. చివరికి 113-111. లెనర్డ్ ఆ సిరీస్‌లో మళ్ళీ కోర్టు తొక్కలేదు. 4-0. కావాలని చేశాడా, పొరపాటా అని ఇప్పటికీ కొట్టుకుంటారు. నాకు ఆ తగువుతో పనిలేదు. పాదాలు చూడు, రీప్లేలో ఎక్కడా చిన్న అడుగుల్లేవు. మెలిక తిరిగినప్పుడే లెనర్డ్‌ని బయట కూర్చోబెట్టి ఉంటే ఆ సిరీస్ ఎలా పోయేదో నువ్వే ఆలోచించు.

తర్వాతి సీజన్ నుంచి రిఫరీలకి అధికారం ఇచ్చారు. గాల్లోకి లేచిన షూటర్ దిగే చోటు అతనిది, అక్కడికి నిర్లక్ష్యంగా చొరబడితే రీప్లే చూసి ఫౌల్‌ని ఫ్లాగ్రంట్‌గా, అంటే పెద్ద తప్పుగా, పెంచవచ్చు. మంచి రూలు. కానీ రూలు వచ్చిన చోటే కొత్త తెలివీ వస్తుంది. షూటర్లు కావాలని కాళ్ళు ముందుకి తన్నడం, పక్కకి దూకి డిఫెండర్‌కి గుద్దుకోవడం ఎక్కువైంది. దాన్ని కట్టడి చెయ్యడానికి 2021-22లో ఇంకో ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది.

మిగతా ప్రతిపాదనలు గబగబా చెప్పేస్తాను, మీ నాన్న దీపాలు పెట్టే వేళవుతోందని తిరుగుతున్నారు. క్వార్టర్‌కి ఇన్నే త్రీలని కోటా పెట్టడం శుద్ధ దండగ. కోటా అయిపోయిందని తెలిసిన క్షణం ఐదుగురూ పెయింట్‌లోకి దిగుతారు. రెండుని మూడు, మూడుని నాలుగు చెయ్యడం కాస్త బుర్రపెట్టిన ఆలోచన. ఇప్పుడు వందకి 36 పడే త్రీతో సమానం కావాలంటే లోపలి షాట్ 54 పడాలి. 4, 3 చేస్తే 48 చాలు. అయినా 42 పడే మధ్య షాట్ నష్టంలోనే ఉంటుంది. పైగా ఫ్రీత్రో ఒక పాయింటే ఉంచితే, బుట్ట పడనివ్వడం కంటే చెయ్యి మీద కొట్టి రెండు ఇచ్చెయ్యడమే లాభం. మ్యాచ్ అంతా ఈలలే. 2025-26లో వచ్చిన చిన్న మార్పు మాత్రం నాకు నచ్చింది. మొదటి మూడు క్వార్టర్ల ఆఖరి 3 సెకన్లలో, సొంత సగంలో మొదలైన ఆటలో 36 అడుగుల అవతల నుంచి విసిరి పోగొడితే అది జట్టు ఖాతాలోకే, ఆటగాడి శాతం పాడవదు. దాంతో శాతం కాపాడుకోడానికి కావాలని గంట మోగాకే విసిరే దొంగలకి సాకు పోయింది.

నాకు వదిలేస్తే గీత ముట్టుకోను, పుస్తకంలో ఇప్పటికే ఉన్నది ఊదమంటాను. త్రీలు ఇంత ఖాళీగా దొరుకుతున్నది కదిలే స్క్రీన్ల వల్ల. స్క్రీన్ అంటే డిఫెండర్‌కి ఒంటితో అడ్డం నిలబడడం. బంతి చేతికిచ్చే సెంటర్ పాదాలు పాతుకుని నిలబడాలి. వీళ్ళు ఇచ్చేసి, నడుం తిప్పి, డిఫెండర్‌తో పాటు రెండడుగులు జరిగి దారి మూస్తారు. ప్రతి రాత్రీ పది సార్లు కనిపిస్తుంది, ఈల రెండుసార్లు. దాంతో పాటు, 2004-05లో బయట ఆటగాడి నడుం మీద చెయ్యి పెట్టడాన్ని గట్టిగా ఆపారే, అందులో కొంచెం సడలించి, అరచెయ్యి ఆనించి వెంటపడనిస్తే చాలు. వెంటపడే పిల్ల స్క్రీన్‌కి చిక్కుకోదు. హెల్ప్‌కి ఎవరూ పెయింట్‌లోకి రానక్కర్లేదు. ఆ 14 అడుగుల పరుగు తగ్గుతుంది. మోకాళ్ళు బతుకుతాయి.

ఉపన్యాసం అయిపోయింది, కోప్పడకు. సున్నుండలు, మునగాకు పొడి, కందిపొడి రామం మావయ్య తోడల్లుడితో పంపుతున్నాను, పదిహేనో తారీకున వస్తాడు. డబ్బా అడుగున చుట్టలా పెట్టింది క్రేప్ బ్యాండేజి. అక్కడా దొరుకుతుందని తెలుసు. రాత్రి కట్టుకుని పడుకోకు. రెండు మెట్లు దిగేలోపు మోకాలు జారినట్టున్నా, మడత పెడితే మధ్యలో పట్టేసినా, దెబ్బ తగిలిన రెండు మూడు గంటల్లోనే ఉబ్బి ఉన్నా, ఐస్ పెట్టుకుని కూర్చోవడం కాదు, డాక్టరు దగ్గరికెళ్ళి స్కాన్ తీయించుకోవాలి. నీ స్టూడెంట్ ఇన్సూరెన్స్‌కి డబ్బు కట్టింది దానికే. ఎవరికైనా తగిలితే చెబుతావని రాశాను.

క్లోజవుట్‌లో జరిగిందా, దిగేటప్పుడా, అది మాత్రం రాయి. ఏ కాలో కూడా.

ఇట్లు
అమ్మ

తా.క.: మీ నాన్నకి ఇంకా ఏమీ తెలీదు. రెండు మోకాళ్ళూ పక్కపక్కన పెట్టి, వెలుతురులో, ప్యాంటు పైకి మడిచి ఒక ఫోటో నాకొక్కదానికే పంపు.