పడవ అడుగు చూడకుండానే బాగుందని రాసిచ్చారు

చెన్నై,
3 ఫిబ్రవరి 2025

సర్వే విభాగం మేనేజరు గారికి,

విషయం: సెకండ్ హ్యాండ్ తెరచాప పడవ సర్వేలో పరీక్షించని భాగాలను పరీక్షించినట్టు రిపోర్టు ఇవ్వడం గురించి.

అయ్యా,

చెన్నై హార్బర్‌లో ఉన్న 26 అడుగుల ఫైబర్ తెరచాప పడవను కొందామని గత సెప్టెంబరులో బేరం కుదుర్చుకుని, డబ్బు కట్టే ముందు మీ కంపెనీతో పడవ బాగోగులు పరీక్షించే సర్వే చేయించుకున్నాను. ఫోన్‌లో మాట్లాడినప్పుడు మీది నెల్లూరని చెప్పారు, అందుకే ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. కోపం కూడా నాకు తెలుగులోనే సరిగ్గా వస్తుంది.

మీ ఫీజు 38,000 రూపాయలు ముందే కట్టాను. పడవను క్రేన్‌తో పైకెత్తి అడుగు భాగం పరీక్షించడం కూడా అందులోనే అని మీ కొటేషన్‌లో ఉంది. సర్వే రోజు నేను ఊళ్లో లేను, మేనకోడలి పెళ్లికి విజయవాడ వెళ్లాను. సాయంత్రం మీ సర్వేయరు ఫోన్ చేసి, "అంతా బాగుంది సార్, కళ్లు మూసుకుని కొనేయండి" అన్నారు. నేను అక్షరాలా అదే చేశాను. ఎనిమిదిన్నర లక్షలు.

"కారు కొనేటప్పుడు ముగ్గురు మెకానిక్‌లకు చూపించారు, దీనికి ఒక్కరేనా?" అని మా ఆవిడ అప్పుడే అంది. మీ 22 పేజీల రిపోర్టు చూపించి ఆవిడ నోరు మూయించాను. ఆ రిపోర్టు ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉంది.

నవంబరు వానల్లో పడవ లోపల అడుగున నీళ్లు చేరడం మొదలైంది. డెక్ మీద నుంచి కారిన వాన నీళ్లే అనుకుని రెండు మూడు సార్లు తోడించాను. వానల్లేని వారంలో కూడా నీళ్లు కనిపించేసరికి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జనవరిలో నా ఖర్చుతోనే క్రేన్ పెట్టించి పడవను ఒడ్డుకెక్కించాను. అడుగంతా బొబ్బలు. కొన్ని చిల్లర నాణెమంత, కొన్ని అరచేయంత. ఒకటి గుచ్చితే వెనిగర్‌లా పుల్లటి వాసనతో జిగట నీరు కారింది. ఫైబర్ పొరల్లోకి నీరు చేరి ఆ పొరల్ని అతికించే రెసిన్‌తో కలిసినప్పుడు ఇలా అవుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. నిజానికి బొబ్బల గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. వాటితో పడవలు ఏళ్ల తరబడి తిరుగుతాయి. ముందే తెలిసుంటే లక్షో లక్షన్నరో తగ్గించమని బేరమాడేవాణ్ని, అంతే.

నన్ను భయపెట్టింది సీకాక్. సింకు నీళ్లు బయటికి పోయే ఒకటిన్నర అంగుళాల గొట్టానికి ఉన్న వాల్వు అది. కంచుది ఉండాల్సిన చోట మామూలు ఇత్తడిది ఉంది. ఉప్పునీటికి ఇత్తడిలోని జింక్ కరిగిపోయి, మిగిలిన లోహం గులాబీ రంగుకు తిరిగి గుల్లబారింది. మెకానిక్ చేత్తో కాస్త తిప్పగానే ఊడి అతని చేతిలోకి వచ్చేసింది. అదే సముద్రంలో ఊడి ఉంటే, నీటిమట్టానికి అర మీటరు కింద ఉన్న ఆ రంధ్రంలోంచి నిమిషానికి వంద లీటర్లకు పైగా నీరు లోపలికి వచ్చేది. అడుగున చేరే నీళ్లు తోడే నా చిన్న బిల్జ్ పంపు అందులో మూడో వంతు కూడా తోడలేదు. డిసెంబరులో మా పిల్లలిద్దరినీ ఆ పడవలోనే తిప్పాను.

ఇక మీ రిపోర్టు సంగతి. తొమ్మిదో పేజీలో అడుగు భాగం ఫోటో ఉంది, నీలం రంగుతో మెరిసిపోతోంది. పైకెత్తాక చూస్తే పడవ అడుగు ఎర్ర రంగు. రంగు గీకే కుర్రాడు ఫోటో చూసి, "ఇది ఈ పడవేనా సార్?" అని అడిగాడు. పడవ ఇదే. ఫోటో మాత్రం అమ్మినాయన తన ప్రకటనలో పెట్టుకున్న పాతది. ఎర్ర రంగు రెండేళ్ల కిందటే వేయించానని ఆయనే చెప్పారు. ఆయన్ని తప్పు పట్టను, అడిగిన వెంటనే ఉన్నది చెప్పారు. మీ సర్వేయరు వచ్చిన రోజు పడవ నీళ్లలోంచి కదల్లేదని కూడా ఆయనే చెప్పారు. ఆ రోజు క్రేన్ రిజిస్టరులోనూ ఈ పడవ పేరు లేదు.

అదే పేజీలో నీటిమట్టం కింద ఆరు చోట్ల తేమ మీటరు రీడింగులు రాశారు. పడవను ఒడ్డుకెక్కించి, ఆరనిచ్చి, అడుగు రంగు గీకిన తర్వాత తీయాల్సిన రీడింగులు అవి. నీళ్లలో తేలుతున్న పడవకు మీ మీటరు ఎక్కడ పెట్టారో దయచేసి తెలియజేయండి.

తెరచాప కట్టే మాస్ట్ స్తంభం పైదాకా ఎక్కలేదని, దాన్ని నిలబెట్టే రిగ్గింగ్ తీగలు అక్కడ చూడలేదని అదే రిపోర్టులో నిజాయితీగా రాశారు. దానికి నాకు అభ్యంతరం లేదు, చాలామంది సర్వేయర్లు ఎక్కరు. అడుగు గురించి కూడా అలాగే రాసుంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. పైగా ఇదే రిపోర్టు ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చాను. రేపు ఏదైనా జరిగితే తప్పుడు రిపోర్టు ఇచ్చింది నేనే అంటారు.

నేను అడుగుతున్నవి ఇవి: మీ ఫీజు 38,000, నేను పెట్టుకున్న క్రేన్ ఖర్చు 14,500, కొత్త కంచు సీకాక్ బిగించడానికి అయిన 11,200 తిరిగి ఇవ్వాలి. ఏయే భాగాలు చూడలేదో స్పష్టంగా రాసి పాత రిపోర్టును రద్దు చేస్తూ లేఖ ఇవ్వాలి, అది ఇన్సూరెన్స్ వాళ్లకు పంపుకుంటాను. అదే సర్వేయరు సంతకం పెట్టిన మిగతా రిపోర్టులు కూడా ఒకసారి తిరగేయండి. నాలా కొని, నీళ్లు నాలుక మీద పెట్టి చూసుకోనివాళ్లు ఉండొచ్చు.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపమని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. అందుకు రెండేళ్ల గడువు ఉంది కానీ అంతవరకు ఆగే ఓపిక నాకు లేదు. కొటేషన్, రిపోర్టు, రెండు రంగుల ఫోటోలు, ఊడిన వాల్వు ఫోటో, బిల్లులు జత చేశాను. వాల్వు నా దగ్గరే ఉంటుంది.

పడవ ఇంకా ఒడ్డునే ఉంది. మీవాళ్లు వచ్చి చూసుకోవాలనుకుంటే ఈ నెల 20 లోపు రమ్మనండి, ఆ తర్వాత బొబ్బలు చెక్కించి రంగు వేయించేస్తాను. ఈసారి నేను అక్కడే ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమరు,
అన్నానగర్, చెన్నై