వాళ్ళు వద్దంటున్నది ఎవర్ని?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను, చదువులు ఎక్కువైపోయి, సెల్‌ఫోన్లు వచ్చి పిల్లలకి దేవుడంటే లెక్క లేకుండా పోయింది అని. ఆయన బాధ అర్థమైంది కానీ కారణం మాత్రం అది కాదనిపించింది, అందుకే రాస్తున్నా. నేను ఒంగోల్లో ఉంటాను, ముప్ఫై నాలుగేళ్ళు గవర్నమెంట్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైర్ అయ్యాను, మాది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం. మా స్టాఫ్‌రూంలో అన్ని రకాల వాళ్ళూ ఉండేవాళ్ళు, మా ఇంట్లో కూడా నమ్మని మనిషి ఉన్నాడు, కాబట్టి మనుషులు విశ్వాసానికి ఎందుకు దూరంగా ఉంటారన్నది నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు.

ముందు మా ఊరి కథే చెప్తాను. 1840లో నెల్లూర్లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పెట్టారు, పదేళ్ళు దాటినా చేరినవాళ్ళు చాలా కొద్దిమంది, 1853లో అయితే అమెరికాలో వాళ్ళ పెద్దలు దీన్ని మూసేద్దామా అని కూడా మాట్లాడుకున్నారు. 1866లో ఆ మిషన్ తరఫున క్లౌ దొర అనే అమెరికన్ మిషనరీ ఒంగోలు వచ్చాడు. మొదట్లో పెద్ద కులాల వాళ్ళు ఆయనతో బాగానే ఉన్నారు, స్కూలు పెడితే మా పిల్లల్ని పంపిస్తాం అన్నారు. ఆ ఏడాదే యర్రగుంట్ల పేరయ్య గారని తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే మాదిగ ఆయన బాప్తిస్మం తీసుకుని క్రైస్తవుడయ్యాడు, ఆయన వెనక ఆయన వాళ్ళు రావడం మొదలైంది, అంతే, పెద్దలు వచ్చి వీళ్ళని చేర్చుకుంటే మేం రాము అని చెప్పేశారు. ఆ రాత్రి దొరగారు ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు వచ్చిందని మాకు సండేస్కూల్లో చెప్పేవాళ్ళు, లోకం నీచులు అని తోసేసినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడు అనే మాట. ఇద్దరూ పేరయ్య గారి వాళ్ళవైపే నిలబడ్డారు.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే, ఆ పెద్దలు ఆరోజు అడ్డం చెప్పింది యేసు దేవుడా కాదా అని కాదు, మా పక్కన ఎవరు కూర్చుంటారు అని. అక్కడే ఆగిపోయారు.

ఇంకో మాట కూడా చెప్పాలి ఎందుకంటే గోధుమల కోసం, పాలపిండి కోసం మతం మారారు అని ఇప్పటికీ మమ్మల్ని అంటారు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని చూపించాడు, ఆ టైంలో బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగితే ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఏడాది పైగా ఆపేశాడు. కరువు సాయం అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదు ఇంటికి వెళ్ళండి అన్నాక కూడా వాళ్ళు వెళ్ళలేదు, అప్పుడు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాత వాళ్ళూ ఆ రోజుల్లోనే చేరారని మా నాయనమ్మ చెప్పేది. అడిగినా ఇవ్వకుండా ఆపిన ఆ మనిషి ఎక్కడ, అడగకుండానే బస్సులో పక్క సీటు వాళ్ళకి కరపత్రం చేతిలో కుక్కి మీరు నరకానికి పోతారు అనే మనం ఎక్కడ.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అమ్మకి కేన్సర్ వచ్చింది, ట్రీట్‌మెంట్ నడుస్తోంది, డాక్టరు కూడా పర్వాలేదు అన్నాడు. అప్పుడు స్వస్థత కూటాలు పెట్టే ఒకాయన ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్థన చేసి, మందులు మింగుతూ దేవుణ్ణి నమ్ముతున్నాను అంటే అది సగం నమ్మకమే కదమ్మా అన్నాడు. ప్రార్థన తప్పని నేను అనడం లేదు, ఈరోజుకీ నేను రోగుల కోసం ప్రార్థన చేస్తాను. కానీ ఆ ఒక్క మాటకి అమ్మ మాకు చెప్పకుండా మాత్రలు మానేసింది. చనిపోయిన రోజు మా తమ్ముడు పక్క దులుపుతుంటే దిండు కింద నుంచి స్ట్రిప్ పడింది, పది మాత్రల్లో ఏడు అలాగే ఉన్నాయి. వాడు ఏమీ మాట్లాడకుండా దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని సమాధుల తోటకి వచ్చాడు. తర్వాత మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూటంలో ఆ ప్రార్థన చేసిన పెద్దమనిషే మళ్ళీ లేచి, ఈ ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువైంది అందుకే ఇలా జరిగింది అన్నాడు. మా తమ్ముడు కుర్చీలోంచి లేచి చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళు అయింది, మళ్ళీ చర్చి గడప తొక్కలేదు. వాడు ఏ సైన్సు పుస్తకమూ చదివి మానలేదండీ.

వాడి కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. దానికి ఒక సంబంధం వచ్చింది, అబ్బాయి వాళ్ళు బాగా భక్తిపరులే, మాటల్లో మెల్లగా మీరు మాలా మాదిగా అని అడిగారు. ఆ పిల్ల నన్నడిగింది, అత్తా, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అందరం ఒకే రొట్టె తీసుకుంటాం కదా మరి ఇదేంటి అని. 1866లో బయటివాళ్ళు అడిగిన ప్రశ్ననే ఇప్పుడు మనవాళ్ళు లోపల కూర్చుని అడుగుతున్నారు. మీ పేపర్లోనే పెళ్ళి ప్రకటనలు చూడండి, క్రిస్టియన్ అని రాసి పక్కనే కులం రాస్తారు.

నమ్మినా బయటికి చెప్పలేని వాళ్ళు ఇంకో రకం. ఎస్సీలు ఎవరో చెప్పే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడు అయితే ఎస్సీ హోదా పోతుంది, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ హోదా ఇచ్చారు, మాకు ఇవ్వలేదు, మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది అంతే. పిల్లల సీటు పోతుందని భయపడి నోరు మూసుకున్న తండ్రిని దొంగ అంటారు కొందరు, నేను అనలేను.

అలాగని తప్పంతా మాదే అంటే అదీ నిజం కాదు. మా స్కూల్లో లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవాడు, సువార్తలు నాకంటే బాగా చదివాడు. ఒకసారి లంచ్ బాక్స్ తెరుస్తూ, టీచరుగారూ మీ యేసు మంచోడే, కానీ క్షమించమంటాడు చూడండి అక్కడే నాకు కుదరదు, మా అన్న నా పొలం గట్టు రెండు గజాలు జరిపాడు అన్నాడు. అంత నిజాయితీగా చెప్పినవాళ్ళని నేను ఇంకొకర్ని చూడలేదు. విశ్వాసం అంటే ఒక మాట ఒప్పుకోవడమే అయితే చాలామంది ఒప్పుకునేవాళ్ళు, అది గట్టు దగ్గరికి, డబ్బు దగ్గరికి, అహం దగ్గరికి వస్తుంది కాబట్టి కష్టం. సువార్తలో ఆ ధనవంతుడైన యువకుడూ అంతే కదా, ఆస్తి అమ్మి పేదలకివ్వు అనేసరికి దిగులుగా వెళ్ళిపోయాడు. యేసు అతన్ని ప్రేమగా చూశాడని రాసుంది, వెళ్ళేటప్పుడు వెంటపడి చెయ్యి పట్టుకు లాగలేదు, శపించలేదు, పోనీ సగం అమ్ము అని బేరమూ ఆడలేదు. వద్దు అనే హక్కు అతనికి ఇచ్చాడు. మా అయ్యగార్లు, అంటే పాస్టర్లు, ఈ భాగం మీద ప్రసంగం చేసినప్పుడు ఆస్తి గురించి చెప్తారు కానీ ఈ సంగతి చెప్పగా నేను పెద్దగా వినలేదు.

అందుకని కూటాలు, మైకులు పెంచేముందు ఎవరైనా మానేసిన వాళ్ళ ఇళ్ళకి వెళ్ళండి, వాక్యం చెప్పడానికి కాదు, ఎందుకు మానేశారో అడిగి వినడానికి. మొన్న ఈస్టర్ ముందు అమ్మ సమాధికి సున్నం వేద్దామని వెళ్తే మా తమ్ముడు కూడా వచ్చాడు, సమాధుల తోటకి మాత్రం వస్తాడు. బకెట్‌లో సున్నం కలుపుతూ, అక్కా ఆరోజు ఆయన ఆ మాట అన్నప్పుడు నువ్వు ముందు వరసలోనే కూర్చున్నావు కదా ఎందుకు లేచి తప్పు అని చెప్పలేదు అన్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి అడిగాడు. భయపడ్డాను రా, తప్పు నాదే అన్నాను. వాడు సరే అనలేదు, ఇంకేమీ అడగలేదు. వాళ్ళింటికి వచ్చేది మీ పేపరే, ఈ ఉత్తరం వేస్తే వాడు చదువుతాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
ఒంగోలు