ప్యాకెట్లు చింపకురా శీనూ

ఒరేయ్ శీనూ,

ఉత్తరం అందింది. డల్లాస్‌లో శుక్రవారం రాత్రులు మ్యాజిక్ ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడుతున్నావంటే సంతోషం. మోడరన్ పద్ధతి పోటీలకి డెక్, అంటే ఆటకి పెట్టుకునే కార్డుల కట్ట, కట్టుకుందామని ధరలు చూస్తే గుండె గుభేలుమందన్నావు. గుభేలుమంటుంది మరి! పైగా రూపాయల్లోకి మార్చి చూశావట. ఆ పని మాత్రం ఇంకెప్పుడూ చేయకు.

ముందు ఏ కార్డులొస్తాయో తెలీని ప్యాకెట్లు చింపడం ఆపెయ్. మిథిక్ రేర్ అనే, అన్నిటికన్నా అరుదైన కార్డుల తరగతి 2008లో షార్డ్స్ ఆఫ్ అలారా సెట్‌తో వచ్చింది. అప్పటి లెక్కన ఎనిమిది ప్యాకెట్లకి ఒక మిథిక్, సెట్‌లో మొత్తం 15 రకాలు. అంటే నీకు కావలసిన ఒక్క కార్డు పడాలంటే సగటున 120 ప్యాకెట్లు. ప్యాకెట్ 4 డాలర్లు వేసుకున్నా 480 డాలర్లు. డెక్‌లో ఒకే కార్డు నాలుగు దాకా పెట్టొచ్చు, మంచి కార్డయితే నాలుగూ పెట్టాల్సిందే, అప్పుడు 480 ప్యాకెట్లు! ఇప్పుడు ప్యాకెట్ల అమరిక మారింది గానీ పరిస్థితి పెద్దగా మారలేదు. సరదాకి ఒకటి చింపుకో, డెక్‌కి మాత్రం విడి కార్డులే కొను.

అసలు మంటంతా ఆ ‘నాలుగు’ దగ్గరే ఉంది. 2007లో వచ్చిన టార్మోగాయ్ఫ్ అనే కార్డుని 2013లో మోడరన్ మాస్టర్స్‌లో మళ్ళీ అచ్చేశారు. ధర దిగుతుందని అందరూ కాచుకు కూర్చుంటే పెరిగి కూర్చుంది. అచ్చేసింది కొద్దిగానే. ఒకటి దొరికినవాడల్లా మిగతా మూడింటికోసం బయల్దేరాడు. అందుకే రీప్రింట్ అనగానే ఎగిరి గంతేయకు, ఏ సెట్‌లో, ఏ తరగతిలో వస్తోందో చూడు. 2014లో ఖాన్స్ ఆఫ్ తార్కిర్ అనే మామూలు సెట్‌లో ఐదు ఫెచ్ ల్యాండ్స్ (డెక్‌లోంచి ఇంకో ల్యాండ్‌ని వెతికి తెచ్చేవి; ల్యాండ్ అంటే మిగతా కార్డులు ఆడేందుకు ‘మానా’ అనే శక్తినిచ్చే కార్డు) రేర్‌గా వచ్చాయి, వాటి ధర నిజంగానే దిగింది. ఇక అండర్‌గ్రౌండ్ సీ లాంటి పాత డ్యూయల్ ల్యాండ్స్, అంటే రెండు రంగుల మానా ఇచ్చేవాటి, జోలికి పోకు. అవి 1996 నాటి రిజర్వ్డ్ లిస్టులో ఉన్నాయి, వాటిని మళ్ళీ ఎప్పటికీ అచ్చు వేయబోమని కంపెనీ మాటిచ్చేసింది. 2022లో ముప్పై ఏళ్ళ పండగ పేరుతో నాలుగు ప్యాకెట్లు 999 డాలర్లకి అమ్మారు. అందులో ఉన్న అరవై కార్డుల్లో ఒక్కటీ టోర్నమెంట్‌లో చెల్లదు. ఎవరు కొన్నారో మరి!

ఇప్పుడు నువ్వు కట్టాలనుకున్న నీలం-ఎరుపు రంగుల డెక్ సంగతి. డబ్బు ముందు ల్యాండ్స్ మీద పెట్టు. నెలనెలా ఫ్యాషన్ మారేది క్రీచర్లలో, అంటే కొట్లాటకి దింపే కార్డుల్లో. నీలం-ఎరుపు డెక్ ఏది కట్టినా అవే ల్యాండ్స్ పనికొస్తాయి. అయితే వరసగా కొనాలి. మొదట నీలం, ఎరుపు రెండూ ఇచ్చే ల్యాండ్ స్టీమ్ వెంట్స్ నాలుగు. 2006, 2012, 2018 ఇలా పదే పదే అచ్చయింది కాబట్టి మరీ ఏడిపించదు. ఆ తర్వాతే స్కాల్డింగ్ టార్న్ అనే ఫెచ్ ల్యాండ్. చాలామంది తిరగేసి కొంటారు. టార్న్ వెతికేది ఐలండ్ లేదా మౌంటెన్ అనే రకం ఉన్న ల్యాండ్‌ని. స్టీమ్ వెంట్స్‌కి రెండు రకాలూ ఉన్నాయి. అది లేకుండా టార్న్ ఒక్కటే ఉంటే ఒక ప్రాణం (లైఫ్ పాయింట్) కట్టి ఒంటిరంగు బేసిక్ ల్యాండ్ తెచ్చుకోవడమే, అంత డబ్బు పెట్టి ఏం లాభం?

టార్న్ కొనేదాకా ఆ జాగాలో శివన్ రీఫ్ అనే ల్యాండ్ పెట్టుకో. దాన్నుంచి రంగు మానా తీసిన ప్రతిసారీ ఒక ప్రాణం పోతుంది, కానీ దిగిన టర్న్‌లోనే పనిచేస్తుంది. చవకని గిల్డ్‌గేట్లు మాత్రం పెట్టకు. ట్యాప్ అయి (వాడేసినట్టు పక్కకి తిరిగి) దిగుతాయి, మొదటి టర్న్‌లో నువ్వు చూస్తూ కూర్చుంటే అవతలివాడు వన్-డ్రాప్ (ఒక్క మానా క్రీచర్) వేసి కొట్టడం మొదలెడతాడు. ఒకటి గుర్తుంచుకో, టార్న్ శివన్ రీఫ్‌ని వెతకలేదు, దానికి ఆ రకాలు లేవు.

ఖరీదైన మిథిక్‌లు నాలుగేసి కొనేముందు బ్యాన్ ప్రకటన ఎప్పుడో చూసుకో, తేదీ ముందే చెప్తారు. ది వన్ రింగ్ 2023లో వచ్చింది, ఏ డెక్ చూసినా నాలుగు. 2024 డిసెంబర్ 16న మోడరన్‌లో నిషేధించారు. ఆ ముందు వారం నాలుగు కొన్నవాడి మొహం ఊహించుకో. ప్రకటన అయిపోయిన మర్నాడు కొను.

కొనేటప్పుడు కొత్తదానిలా మెరిసేదే కావాలని పట్టుబట్టకు. కాస్త వాడిన కార్డు స్లీవ్‌లో పెడితే తేడా తెలీదు, ధర తగ్గుతుంది. తళతళలాడే ఫాయిల్ కార్డు వద్దు, చెమ్మకి అప్పడంలా వంగుతుంది, మార్క్డ్ కార్డని (వెనకనుంచే గుర్తుపట్టగలిగేదని) జడ్జి పట్టుకుంటాడు. విడివిడిగా పదిమంది దగ్గర కొంటే పోస్టేజీయే తడిసి మోపెడవుతుంది, ఒకరిద్దరి దగ్గరే చూసుకో. ధర మరీ తక్కువుంటే నకిలీ అనుకో. వెనకవైపు ఆకుపచ్చ చుక్కని భూతద్దంలో చూడు, అసలు కార్డులో ఎల్ ఆకారంలో నాలుగు ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. టోర్నమెంట్‌లో ప్రాక్సీ (అసలుకి బదులు పెట్టే కార్డు) నువ్వు తెచ్చుకోకూడదు, ఆట మధ్యలో కార్డు పాడైతే జడ్జి రాసిచ్చేదే చెల్లుతుంది.

ఇదంతా అక్కర్లేదనుకుంటే పాపర్ అనే పద్ధతి ఆడు. అన్నీ కామన్ (సులువుగా దొరికే తరగతి) కార్డులే, లైట్నింగ్ బోల్ట్, బ్రెయిన్‌స్టార్మ్, కౌంటర్‌స్పెల్ అన్నీ ఉంటాయి, డెక్ చాలావరకు వంద డాలర్లలోపే. మీ కొట్లో పాపర్ రాత్రి ఉందేమో అడుగు.

నీ దగ్గర ఇప్పటికే ఏయే ల్యాండ్స్ ఉన్నాయో లెక్క రాసి పంపు. ముందు స్టీమ్ వెంట్స్ ఎన్నున్నాయో అది చెప్పు.

నీ
రాజా