దీపం పెట్టని ఇల్లు

అమ్మలూ,

నీ రూమ్మేట్‌కి ఆటలమ్మ పోసిందని నిన్న ఎంత టెన్షన్ పడ్డావో! నీకు రెండో తరగతిలోనే పోసింది, మళ్లీ రావడం అరుదు. కానీ ఫోన్ పెట్టేసే ముందు నువ్వడిగిన మాటే నాకు రాత్రంతా తిరుగుతోంది: “వైరస్ కణం లోపల దాక్కుంటే ఒంటికి ఎలా తెలుస్తుందమ్మా?”

కణం తన లోపల తయారవుతున్న ప్రొటీన్ల ముక్కల్ని ఎంహెచ్‌సీ అనే అణువుల మీద పెట్టి బయటికి చూపిస్తుంది. అందులో వైరస్ ముక్క ఉంటే టీ కణాలనే తెల్ల రక్తకణాలు పట్టేస్తాయి. అందుకే ఆటలమ్మ వైరస్ ఆ ఎంహెచ్‌సీనే పైకి రాకుండా చాలావరకు ఆపేస్తుంది.

మీ అమ్మమ్మ గుర్తుందా? సాయంత్రం అరుగు మీద కూర్చుని వీధంతా చూసేది. ఎవరింట్లో దీపం వెలిగిందో ఆవిడకి పట్టదు. వెలగని ఇంటికే లేచి వెళ్లేది, ఏమైందో చూద్దామని. నేచురల్ కిల్లర్ కణాలని ఇంకో రకం తెల్ల రక్తకణాలున్నాయి, వాటిదీ అదే చూపు. ఎంహెచ్‌సీ తగ్గిన కణం దగ్గర ఆగుతాయి. స్వీడన్‌లో క్లాస్ కార్రే బృందం 1986లో ఎలుకల మీద చూపించింది ఇదే: ఎంహెచ్‌సీ పోగొట్టుకున్న కేన్సర్ కణాల్నే ఇవి తుడిచిపెట్టాయి. టీ కణాలు పెరిగి సిద్ధమవడానికి వారం దాకా పడుతుంది, ఇవి ముందునుంచే తయారుగా ఉంటాయి. పెర్ఫొరిన్ అనే ప్రొటీన్‌తో కణం పొరకి చిల్లులు పొడిచి, గ్రాంజైములనే ఎంజైముల్ని లోపలికి పంపితే ఆ కణం తనంతట తనే చచ్చిపోతుంది.

అయితే దీపం లేకపోవడం ఒక్కటే చాలదు. ఎర్ర రక్తకణాలకి ఎంహెచ్‌సీ దాదాపు ఉండదు, వాటినేమీ చంపవు కదా. కణం ఇబ్బందిలో ఉందని చెప్పే గుర్తులు కూడా పైన కనిపించాలి.

అసలు మాయగాడు సైటోమెగలో వైరస్. నాలోనూ ఉండే ఉంటుంది, మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందిలో ఉంది. ఇది అసలు దీపం ఆర్పేసి దొంగదీపం పెడుతుంది! దాని యూఎల్18 ప్రొటీన్ ఎంహెచ్‌సీలాగే ఉండి, కొన్ని కిల్లర్ కణాల మీదున్న “ఆగు” అని సంకేతమిచ్చే గ్రాహకాన్ని (రిసెప్టర్‌ని) అసలుదానికంటే గట్టిగా పట్టుకుంటుంది. ఇంకోటి, యూఎల్16, ఇబ్బంది గుర్తుల్లో కొన్నిటిని కణం లోపలే దాచేస్తుంది. చదువుతుంటే కోపమొస్తుంది గానీ, ముచ్చటేస్తుంది కూడా.

ఇంత మోసపోయే కాపలా ఎందుకంటావేమో. 1989లో అమెరికా వైద్యులు ఒక టీనేజ్ అమ్మాయి గురించి రాశారు. ఆమెకి ఈ కణాలే లేవు. ఆటలమ్మ, సైటోమెగలో, ఇలా హెర్పిస్ కుటుంబం వైరస్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఆమె మీద పడ్డాయి, మామూలుగా కాదు, ప్రాణం మీదికి వచ్చేంత.

సరే, మీ రూమ్మేట్‌కి అన్నం ఎవరు తీసుకెళ్తున్నారు? ఎవరూ దగ్గరికి పోవట్లేదన్నావు. నీకు ఒకసారి పోసింది కాబట్టి నువ్వే తీసుకెళ్లు. జ్వరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా వెంటనే డాక్టర్‌కి చూపించమను.

అమ్మ