మా ఊరి నీటిమట్టం మా ఊళ్లో రాయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

జిల్లాలో భూగర్భ జలమట్టం సగటున పెరిగిందని ఈమధ్య మీ జిల్లా పేజీలో వార్త వేశారు. ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని పూతలపట్టు దగ్గర ఒక రైతు నా షాపుకొచ్చాడు. "నీళ్లు పైకొచ్చినాయంట కదన్నా, ఈ తూరి ఇంకో ఎకరా వరి నాటేస్తా" అన్నాడు. వెళ్లి టేపు దించి చూస్తే ఆయన బోరులో మట్టం కదల్లేదు. రోడ్డు అవతల తమ్ముడి బోరులో మాత్రం బాగానే పైకొచ్చింది. మీ వార్త తప్పని నేను అనడం లేదు. జిల్లా సగటు చూసి నారు పోసుకునే రైతులు కూడా ఉన్నారని మీకు తెలియాలనే రాస్తున్నాను.

నేను సబ్‌మెర్సిబుల్ మోటార్లు దించే మెకానిక్‌ని. మోటారు కాలితేనే నాకు పని, కాబట్టి నీళ్లు అడుగంటితే నాకే లాభం అనేవాళ్లూ ఉన్నారు. బిల్లు కోసం ఏ బోరులో ఎన్ని పైపులు దించామో రాసుకోవడం మాకు అలవాటు. జీఐ పైపు ఒక్కోటి 20 అడుగులు. పాత పుస్తకాల్లో పది పన్నెండు పైపులతో ముగిసిన బోర్లే ఎక్కువ. ఇప్పుడు 800, 1,000 అడుగుల బోర్లు మామూలైపోయాయి. మోటారు దించిన లోతును నీటిమట్టం అనుకోకూడదు లెండి. రైతు భయం ఎంత దాకా దిగిందో చెప్పే లెక్క అది.

అన్నదమ్ముల బోర్లకు ఎందుకు పొంతన లేదంటే, మా కాళ్ల కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. పైన కొన్ని మీటర్లు గుల్లబారిన రాయి, దాని కింద గట్టి బండ, ఆ బండలో అక్కడక్కడ చీలికలు. నీళ్లు నిలవుండేది ముఖ్యంగా గుల్లలో, లోతు బోరుకు చేరేది చీలికల దారిన. చీలిక తగిలిన వాడికి రెండించీల నీళ్లు పడతాయి, నాలుగు బారల అవతల ఇంకొకడికి దుమ్ము లేస్తుంది. లోతుకు పోయేకొద్దీ చీలికలు తగ్గుతాయే గానీ పెరగవు. అయినా ఇంకో వంద అడుగులు పోనియ్యమని బోరు బండి వాళ్లను బతిమాలుతూనే ఉంటారు. అడుగుల లెక్కన డబ్బులొచ్చే పని, వాళ్లెందుకు వద్దంటారు?

ఇక నీటిమట్టం మీటర్లలో పెరగడం సంగతి. ఈ గుల్లరాయి నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ల నీళ్లే వదులుతుంది. మధ్యన రెండు అనుకుందాం. అప్పుడు మట్టం ఒక మీటరు పెరిగిందంటే మనకు దక్కింది రెండు సెంటీమీటర్ల నీళ్లు. వరికి పంటకాలం మొత్తం మీద సుమారు 120 సెంటీమీటర్లు కావాలి. అంటే 60 ఎకరాల కింద పెరిగిన మీటరును ఒక ఎకరా వరి తాగేస్తుంది. మడిలో పారించిన దాంట్లో కొంత మళ్లీ కిందికి ఇంకుతుంది, నిజమే. అది పోనిచ్చినా లెక్క మనవైపు రాదు. వేరుశనగకైతే ఇందులో సగం చాలు. చెరుకుకు వరి కంటే ఎక్కువే కావాలి, మా పక్క బెల్లం గానుగలు నడిచేది ఆ చెరుకు మీదే.

2021 నవంబరు వానలు ఎవరూ మర్చిపోయి ఉండరు. తిరుపతి పక్కన రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మా వైపు ఎండి వదిలేసిన బోర్లలో కూడా కేసింగ్ (బోరు నోటి దగ్గర దించే పైపు) మీద నుంచి నీళ్లు పొంగాయి, చెరువులు మొరవ పోయాయి. ఆ ధీమాతోనే కొత్త బోర్లు పడ్డాయి, మెట్ట చేలు వరి కయ్యలయ్యాయి. కానీ గుల్ల ఒకసారి నిండితే ఆ పైన ఎంత వానొచ్చినా పట్టదు, వంకల్లో పోవాల్సిందే. దాంట్లో నిలవ తక్కువ కాబట్టి తోడితే అంతే తొందరగా ఖాళీ అవుతుంది. పగటి కరెంటు రాగానే ఆటో స్టార్టర్లు ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఇంటి దగ్గర టిఫిన్ తినే రైతుకు తన బోరు ఎన్ని గంటలు నడిచిందో కూడా తెలియదు. ఉచిత కరెంటు తీసేయమని దీనికి అర్థం చెప్పొద్దు. అది లేకపోతే ఈ లోతుల నుంచి తోడి చిన్న రైతు సేద్యం చేయలేడు.

నేను అడిగేది చిన్న పని. భూగర్భ జలశాఖకు ఫిజోమీటర్లు (నీటిమట్టం కొలవడానికే వేసిన బోర్లు) ఉన్నాయి, వాటి రీడింగులు కంప్యూటర్లకు ఎక్కుతున్నాయి. మా సచివాలయం గోడ మీదికి మాత్రం రావడం లేదు. 2000 దశకంలో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో మన చిత్తూరుతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో ఏపీ ఫామ్‌గ్స్ అని, భూగర్భ జలాలను రైతులే చూసుకునే పథకం ఒకటి నడిచింది. అందులో రైతులే వాన కొలిచేవాళ్లు, బావుల్లో, బోర్లలో మట్టం కొలిచేవాళ్లు. రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు కావలసిందెంత అని లెక్క కట్టి ఊళ్లో బోర్డు మీద రాసేవాళ్లు. వరి వేయొద్దని ఎవరికీ ఆర్డరు వేయలేదు. అంకె కళ్ల ముందుంటే ఎవరికి వాళ్లే ఆలోచించుకునేవాళ్లు. పథకం ముగిసింది గానీ ఆ పనికి ఇప్పుడైనా పెద్ద ఖర్చేమీ లేదు. నీటిని తాకగానే మోగే టేపు ఒకటి, పొద్దున్నే కరెంటు రాకముందు కొలిచే మనిషి ఒకడు చాలు. మోటారు నడిచాక కొలిస్తే ఆ అంకె దేనికీ పనికిరాదు, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి.

2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోర్లకూ, బోరు బండ్లకూ నమోదు ఉండాలంటోంది. ఆ నమోదులోనే ఎన్ని అడుగులు తవ్వారు, ఎక్కడ చీలిక తగిలింది, ఎక్కడ ఉత్త దుమ్మే వచ్చింది అని ఫెయిలైన బోర్లకు కూడా రాయించాలి. పక్క చేనులో నాలుగు బోర్లు ఎందుకు పోయాయో కాగితం మీద ఉంటే, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు పడే పాయింటు చూపించే ఆయన మాట మీద అయిదో బోరుకు అప్పు చేసేవాడు కాస్త ఆగుతాడు.

మీరు రోజూ శ్రీశైలం నీటిమట్టం అడుగుల్లో వేస్తారు. మదనపల్లె టమాటా ధర వేస్తారు, బంగారం ధర వేస్తారు. జిల్లా పేజీలో ఒక గడి మాకివ్వండి. మండలాల వారీగా మే నెల మట్టం, నవంబరు నెల మట్టం పక్కపక్కన, రబీ నార్లు పోయకముందే వేయండి.

ఇట్లు,
ఒక మోటారు మెకానిక్,
పూతలపట్టు, చిత్తూరు జిల్లా