ఆకుపచ్చ రోల్స్ ఇక రావు, పిల్లి లిట్టర్ ధర మారుతోంది

వాకింగ్‌లో కుక్క పాటీ ఎత్తడానికి మన షాపులో కొంటున్న ఆకుపచ్చ కవర్ల రోల్స్ ఈ స్టాకుతో ఆఖరండి. కౌంటర్ దగ్గర ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అందరికీ కలిపి రాస్తే నయమనిపించింది. పిల్లులు మలమూత్రాలకి వాడే ట్రేలో పోసే లిట్టర్ ధర సంగతి చివర్లో చెప్తాను.

ఆ కవర్ మీద ఆకు బొమ్మ, దాని కింద ‘బయోడిగ్రేడబుల్’ అనే మాట ఉంటాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు ఏదని డిస్ట్రిబ్యూటర్‌ని అడిగితే, ‘అందరూ ఇవే అమ్ముతున్నారు కదండీ’ అన్నాడు. నంబరు మాత్రం ఇవ్వలేదు. మన దేశంలో కంపోస్టబుల్, అంటే కంపోస్టులో కుళ్లి ఎరువైపోతుంది అని చెప్పి అమ్మాలంటే సరుకు ఐఎస్ 17088 ప్రమాణానికి నిలవాలి, మండలి సర్టిఫికెట్ ఉండాలి, తయారీదారు పేరూ ఆ నంబరూ కవర్ మీదే అచ్చయి ఉండాలి. ఇవేవీ లేకుండా ఆకు బొమ్మతో సరిపెట్టే కవర్లలో ఒక రకం ఉంది. మామూలు పాలిథీన్‌లోనే ఒక రసాయనం కలుపుతారు. ఎండకి పెళుసెక్కి పొడి పొడిగా రాలిపోతుంది. కంటికి కనపడదు కాబట్టి మట్టిలో కలిసిపోయిందనుకుంటాం, కానీ ప్లాస్టిక్ ప్లాస్టిక్‌లాగే ఉంటుంది, ముక్కలు చిన్నవవుతాయి, అంతే. ఆక్సో అనే ఈ రకాన్ని యూరోపియన్ యూనియన్ 2021 జులై నుంచి నిషేధించింది. మన రోల్స్ అదే రకమని నేను అనడం లేదు. కాదని చూపించే కాగితం ఎవరూ ఇవ్వలేదు, అందుకే ఆపేశాను.

వాటి బదులు సర్టిఫికెట్ ఉన్న కంపోస్టబుల్ రోల్స్ వచ్చాయి. ధర దాదాపు రెండింతలు. అంత పెట్టి కొనేముందు ఒక మాట వినండి. వాటిని పరీక్షించేది 58 డిగ్రీల దాకా వేడి ఉండే పెద్ద కంపోస్ట్ ప్లాంటు పరిస్థితుల్లో. పెరట్లో గొయ్యి తీసి పాతితే నెలల తరబడి అలాగే ఉండొచ్చు. చెత్త బండిలో పడి మన విశాఖ కాపులుప్పాడ చెత్త యార్డుకి చేరితే మామూలు కవరుకీ దానికీ పెద్ద తేడా ఏమీ ఉండదు. నా బేరం నేనే పాడుచేసుకుంటున్నానని మా ఆవిడ అంటోంది, నిజమే.

నన్నడిగితే ఈ రోల్స్ బదులు పాత న్యూస్ పేపర్ చాలండి. ఒక పెద్ద షీటు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకోండి. కుక్క నడుం వంచగానే వెనకనుంచి మడత విప్పి కిందికి జరిపితే నేలకి కూడా అంటదు. ఇంటికొచ్చి పేపర్లో ఉన్నది కమోడ్‌లో వదిలి నీళ్లు కొట్టేయడమే. భూగర్భ డ్రైనేజీ ఉన్న ఇంటికైనా, సెప్టిక్ ట్యాంక్ ఉన్న ఇంటికైనా ఒకటి రెండు కుక్కలవరకూ సాధారణంగా ఇబ్బంది ఉండదు. పేపర్ మాత్రం కమోడ్‌లో వేయకండి, గులకరాళ్లూ ఇసుకా రానివ్వకండి. ఫ్లష్ చేయడం కుదరని వాళ్లు గట్టిగా చుట్టి, డైపర్లు వేసే ఎర్ర డబ్బాలోనే వేయండి. తడి చెత్తలో వేస్తే దాన్ని చేత్తో వేరుచేసే మనిషి మీద పడుతుంది.

రోడ్డు పక్కన వదిలేస్తే వానకి కొట్టుకుపోతుందిగా అంటారు కొందరు. కొట్టుకుపోయేది కాలువలోకి, అక్కణ్ణుంచి గెడ్డలోకి, అంటే వాగులోకి. మన ఊళ్లో చాలా గెడ్డలు సముద్రంలోనే కలుస్తాయి, అదే ఒడ్డున ఆదివారం పిల్లల్ని ఆడిస్తాం.

మిద్దె తోట వేసుకున్నవాళ్లు అడిగే ప్రశ్న వేరు: ఆవు పేడ ఎరువైతే కుక్కది ఎందుకు కాదు? ఆవు తినేది గడ్డి. కుక్క మాంసం తింటుంది, పైగా దాని కడుపులో ఏలికపాములు, కొంకి పురుగులు ఉంటే వాటి గుడ్లు మలంతో పాటే వస్తాయి. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అవి చావాలంటే కంపోస్టు కుప్ప లోపల వేడి 60 డిగ్రీల దాకా ఎక్కి కొన్ని రోజులు అలాగే నిలవాలి. అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర స్లెడ్జి బండ్లు లాగే కుక్కల్ని పెంచేవాళ్లు దీన్ని చేసి చూపించారు. రెండు పారల మలానికి ఒక పార రంపపు పొట్టు, తగినంత తడి, పెద్ద కుప్ప, థర్మామీటరు పెట్టి చూస్తూ తిరగెయ్యడం. కుక్కలు గుంపులుగా ఉంటాయి కాబట్టి వాళ్లకి కుదిరింది. మన మేడ మీది ప్లాస్టిక్ డ్రమ్ములో అంత వేడి నిలవదు. అందుకే డాబా మీద పెట్టుకునే డాగ్ కంపోస్ట్ కిట్ తెప్పించమని ఎంతమంది అడిగినా తెప్పించడం లేదు. ఎలా చేసినా ఆ ఎరువు తోటకూర, కొత్తిమీర కుండీల జోలికి పోకూడదు. పూల మొక్కలకైతే సరే.

సొంత ఇల్లు, ఇసుక నేల ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. అడుగు కోసేసిన పాత డ్రమ్ముకి పక్కల బెజ్జాలు పెట్టి, కింద కంకర పోసి, మూత పైకి కనిపించేలా నేలలో దించండి. కుక్క మలం అందులో వేస్తూ, అప్పుడప్పుడు సెప్టిక్ ట్యాంక్ కల్చర్ పొడి (మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులది), కాసిని నీళ్లు పోయండి. బావికీ బోరుకీ దూరంగా ఉండాలి. బంకమట్టిలో నీరు ఇంకదు, తుఫాను వానలకి గొయ్యి నిండి పైకి పొంగుతుంది. మీది ఆ నేలైతే వద్దు.

అన్నట్టు, కడుపులో పురుగులకి వేసే నట్టల మందు మర్చిపోకండి. పెద్ద కుక్కకి మూడు నెలలకోసారి, కుక్కపిల్లలకి డాక్టరు చెప్పిన ప్రకారం.

ఇక పిల్లులు. ముద్దకట్టే బెంటోనైట్ లిట్టర్ గుజరాత్, రాజస్థాన్‌ల నుంచి వచ్చే మట్టి, సరుకు కన్నా లారీ కిరాయి బరువైపోయింది. వచ్చే నెల నుంచి పది కేజీల బస్తా మీద అరవై రూపాయలు పెరుగుతుంది. వాడకం అయ్యాక అది కుళ్లదు, కాలదు. చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటులో కూడా మట్టి మట్టిగానే మిగులుతుంది. కమోడ్‌లో పోస్తే ఉబ్బి పైపు బిగిసిపోతుంది. పైగా పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే రోగ క్రిమి ఉండొచ్చు, మురుగు శుద్ధి చేసినా అది పూర్తిగా చావదు, కాబట్టి ఏ రకం లిట్టరైనా ఫ్లష్ వద్దు. ఆ క్రిమి అంటుకునే దశకి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది, అందుకే ట్రే రోజూ తీసేయాలి. ఇంట్లో గర్భవతి ఉంటే ఆ పని ఇంకొకరు చూసుకోండి.

చెక్క పెల్లెట్ల లిట్టర్ కూడా తెప్పించాను. ముద్దకట్టదు, తడికి పొట్టుగా విడిపోతుంది, జల్లెడ ట్రే కావాలి. కొన్ని పిల్లులు మొదట్లో మొహం తిప్పేస్తాయి, పాతదాంట్లో నాలుగో వంతు కలిపి మొదలెట్టండి. శనివారం నుంచి అర కేజీ శాంపిల్ ఉచితంగా ఇస్తాను, మీ పిల్లి ఒప్పుకున్నాకే బస్తా కొనండి. ఇంట్లో ఆకుపచ్చ రోల్స్ మిగిలి ఉంటే పారేయకండి, వాడేయండి.